ఎర్ర బీన్స్ పరీక్ష

"తేసిక్, నువ్వు చచ్చిపోయావు కదరా," అంది తల్లి, చెంచా ముట్టుకోకుండానే.

చున్‌బే బింగ్సు గిన్నె ఆవిడ ముందుకు జరిపాడు. తేసిక్ అతని అన్న. మోక్పో రేవు నుంచి వేటకెళ్ళి పడవతో సహా తిరిగి రాలేదు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోలిక.

"నేను చున్‌బేనమ్మా. నీ చిన్నోణ్ణి."

"బుకాయించకు. నా కొడుకొకడు సముద్రంలో పోయాడు. అన్నీ మర్చిపోతున్నా, అది మర్చిపోలేదు." గిన్నె అతని వైపు తోసింది. తురిమిన ఐసు మీద ఉడికించిన ఎర్ర బీన్స్ కుప్పగా పోసి ఉన్నాయి. "ఎర్ర బీన్స్ నోట్లో పెడితే దెయ్యం నిలవలేదు. మీ నాన్న తద్దినానికి అందుకే వాటిని గడప దాటనివ్వను. ఏదీ, తిను చూద్దాం."

చున్‌బే కదల్లేదు. ఆవిడకు నీళ్ళు పోసేదీ, అన్నం తినిపించేదీ అతనే. ఆవిడ పిలిచేది మాత్రం అన్న పేరు. చిన్నప్పుడు తను మారాం చేసి మరీ వచ్చే ఈ బింగ్సు కొట్టు చూస్తేనైనా, ఒక్కసారి తన పేరుతో పిలుస్తుందేమోనని ఇక్కడికి తీసుకొచ్చాడు.

బల్ల తుడవడానికి వచ్చిన కొట్టు యజమానురాలు అతని చెవి దగ్గర వంగింది. "తినెయ్ తమ్ముడూ. పెద్దావిడ బెంగ తీరుతుంది. ఎవరి పేరయితేనేం?"

"ఎవరి పేరయితేనేం అంటావేంటక్కా. పిలిచేది మా అమ్మ."

తల్లి తనే చెంచా తీసి, చిన్నపిల్లాడికిచ్చినట్టు అతని చేతిలో పెట్టింది. దాంతో ఇక పంతం పట్టలేకపోయాడు. చెంచా నిండా బీన్స్ తీసుకుని తిన్నాడు. పళ్ళు జివ్వుమన్నాయి. ఇంకో చెంచా తిన్నాడు. ఆవిడ రెప్పవేయకుండా చూసింది.

"మింగావా?"

"మింగానమ్మా."

బల్ల మీదుగా చెయ్యి చాచి అతని చెంపలు తడిమింది. "వెచ్చగానే ఉన్నావు. బతికే ఉన్నావు నాన్నా."

"అవునమ్మా. నీ తేసిక్‌నే," అన్నాడు. ఆ మాట అనేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. తన పేరు మీద ఆశ ఆ క్షణంలోనే వదిలేసుకున్నాడు.

ఆవిడ నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని కుమిలిపోయింది.

"అయితే సముద్రంలో పోయింది నా చున్‌బే అన్నమాట."