బతికొచ్చిన ఖడ్గవీరుడు

ముసుగు తగిలించుకోగానే ఖడ్గవీరుడి వేషగాడికి గుప్పున వాసన కొట్టింది. పాత చెమట, జిగురు, పొగాకు నోటి కంపు. అప్పుడప్పుడైనా దీన్ని ఉతికించండి మహాప్రభో అంటే, ఉతికితే రంగు పోతుందన్నాడు నాటక కంపెనీ యజమాని. ఆయనకి రంగు పోకూడదు. మనుషులు ఏమైపోయినా ఫరవాలేదు.

నాటకం పెద్ద గొప్పదేం కాదు. యుద్ధంలో తోటివాళ్ళంతా చచ్చిపోతారు, ఖడ్గవీరుడొక్కడే మిగులుతాడు. మిగిలినందుకు లోలోపల కుమిలిపోతాడు కానీ కంట తడి పెట్టడు, పెదవి విప్పడు. ఆఖర్న కత్తి కింద పెట్టి, 'బతకడం నేరం కాదు' అని ఒక్క మాట అంటాడు. తెర పడుతుంది.

ఇదివరకు ఈ నాటకానికి హాల్లో ఈగలు తోలుకునేవారు. కిందటేడు పొరుగూరు వెళ్ళినప్పుడు నటులు దిగిన లాడ్జి తగలబడింది. బూడిదలో ఎవరు ఎవరో తేలలేదు. వెంట వెళ్ళని యజమాని కొన్నాళ్ళు గుండెలు బాదుకున్నాడు. తర్వాత కొత్తవాళ్ళని చేర్చుకుని ఊరంతా పోస్టర్లు వేయించాడు: 'మంటల్లోంచి బతికొచ్చిన అసలు ఖడ్గవీరుడు!' ముఖం కాలిందని ముసుగు. పొగకి గొంతు బొంగురుపోయిందని, ఆ ఆఖరి మాట తప్ప మౌనం. అంతకుముందు ఆ వేషం కట్టినవాడికి నా అన్నవాళ్ళు లేరు కాబట్టి, ఇదేం పాడుపని అని అడిగేవాళ్ళూ లేకపోయారు.

అప్పట్నుంచి జనం ఎగబడుతున్నారు. నాటకం కోసమా? కాదు. చావు తప్పించుకున్నవాడు ఎలా ఉంటాడో చూద్దామని. ఆట కాగానే స్టేజీ ఎక్కి అతని చేతులు తడిమి, కాలిన మచ్చలు కనబడలేదే అని మొహం ముడుచుకుని, చిప్స్ నముల్తూ ఇంటికి పోవడానికి. ఛీ, ఏం మనుషులో!

ఆ రోజు మధ్యాహ్నం ఆట అయ్యాక మేకప్ గదిలోకి ఒక పెద్దావిడ వచ్చింది. నాటకంలో ఖడ్గవీరుడి స్నేహితుడి వేషం కట్టి, ఆ లాడ్జిలో కాలిపోయిన కుర్రాడి తల్లి. రోజూ వెనక వరసలో కూర్చుని చూస్తోందట. కొడుకు ఎలా పోయాడో తెలియక ఆమెకి నిద్ర లేదు. కళ్ళు మూస్తే చాలు, వాడు లోపల్నుంచి తలుపు బాదుతున్నట్టే ఉంటుందట.

యజమాని కర్రీ పఫ్ తిన్న జిడ్డు చెయ్యి ఆమె భుజం మీద వేసి తనే తీసుకొచ్చాడు. వెనకాలే ఫొటోగ్రాఫరు. కాస్త దగ్గరికి జరగమన్నాడు, ఏడుపొస్తే ఆపుకోవద్దన్నాడు.

ఖడ్గవీరుడు ఇద్దర్నీ మెడ పట్టి బయటికి గెంటి తలుపేశాడు.

"వాడు బాధపడ్డాడా నాయనా?" అని అడిగింది ఆవిడ.

అతని చెయ్యి ముసుగు ముడి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఈ వేషమంటే రోత. దీంతో తింటున్న తిండి రోత. అద్దంలో తన మొహం చూసుకోవాలన్నా రోత. నిజం కక్కేస్తే తనకి హాయిగానే ఉంటుంది. మరి ఈవిడకి?

"నిద్రలోనే పోయాడమ్మా," అన్నాడు గొంతు బొంగురు చేసుకుని. "ముందు పొగ కమ్మేసింది. మంట రావడం తర్వాత."

"మరి నువ్వు లేపలేదా?"

"లేపాను. అప్పటికే అయిపోయింది."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"రోజూ నిన్ను తిట్టుకునేదాన్ని, వీడెందుకు మిగిలాడా అని," అంది. "ఇంక తిట్టను. నువ్వూ నిన్ను తిట్టుకోకు. నీ తప్పేం లేదు. వేళకి ఇంత తిను."

ముసుగు మీదే అతని చెంప నిమిరింది. ఇవాళ లైటు తీసేసి పడుకుంటానని చెప్పి వెళ్ళింది.

సాయంత్రం ఆటలో 'బతకడం నేరం కాదు' అన్న మాట అతని నోట మొదటిసారి తడబడకుండా వచ్చింది. జనం ఈలలు వేశారు. యజమాని కళ్ళు తుడుచుకున్నాడు, ఆయనకి అది వెన్నతో పెట్టిన విద్య. గుండెల మీంచి బరువు దిగినట్టయింది అతనికి. దిగినందుకే మరీ అసహ్యం వేసింది. పెరట్లోకి పరిగెత్తి, గోడ పట్టుకుని భళ్ళున వాంతి చేసుకున్నాడు.

ఆమె కొడుకుని అతను ఏనాడూ చూసిన పాపాన పోలేదు. ఆ మంటల్లోంచి ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు.