మంచులో మొదటి అడుగు

"ఏవండీ, ముందు హెల్మెట్. తర్వాతే అడుగు," అంది వీరవేణి, భర్త స్వెట్టర్ కొస గట్టిగా పట్టుకుని.

పెద్దిరాజు వింటేగా. ఎదురుగా గుట్టలా పడి ఉన్న తెల్లదనాన్ని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, భీమవరంలో పేరున్న ఐస్ ఫ్యాక్టరీ యజమాని. కళ్ళు మాత్రం తీర్థంలో రంగులరాట్నం మొదటిసారి చూసిన పిల్లాడివే.

"ఎంత బాగుందే వేణీ. మంచంటే ఇదన్నమాట. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు మనం?"

"వచ్చాంగా ఇప్పుడు. తల వంచండి."

"నాకెందుకే అది? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఐసు మధ్యే బతుకుతున్నాను. ఐసుకీ నాకూ ఆ మాత్రం స్నేహం లేదా ఏంటి?"

ఆ మాట ఆమెకు కొత్త కాదు. హెల్మెట్ ఆయన ముందుకి చాపింది.

"పైకి మెత్తగానే కనిపిస్తుందండి. అడుగున రాయిలా ఉంటుంది. జారితే తగిలేది తలకే. మీకేమైనా అయితే నేనేమైపోవాలి?"

"జనం నవ్వుతారే."

"నవ్వనివ్వండి."

ఆయన ముక్కు ఎగబీల్చాడు. "ఇదేంటే, ఇక్కడ కూడా రొయ్యల వాసన?"

"మీ స్వెట్టర్‌కి పట్టేసింది లెండి."

పారతో గుట్టను చదును చేస్తున్న మనిషి దగ్గరికొచ్చి, "పెట్టుకోండి బాబుగారూ," అన్నాడు.

"చూశావా, ఇంత దూరమొచ్చినా తెలుగు మాట్లాడే మనిషి దొరికాడు," అని మురిసిపోయాడు పెద్దిరాజు. ఆ మురిపెంలోనే తల వంచాడు. వీరవేణి చటుక్కున హెల్మెట్ తొడిగి, గెడ్డం కింద పట్టీ బిగించి, వదులుగా లేదు కదా అని కదిపి చూసింది. అప్పటికి గానీ ఆమెకు ఊపిరాడలేదు.

భార్య చెయ్యి పట్టుకుని ఆయన తెల్లదనంలోకి అడుగేశాడు. కాలి కింద కరకరమంది. గుప్పెడు తీసి చెంపకి ఆనించుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"దేవుడెంత గొప్పవాడే వేణీ. ఇలాంటిది కూడా చేసి పెట్టాడు మనకి."

ఆయన ముఖం చూస్తుంటే ఆమెకూ ఏడుపొచ్చింది.

"రేపు మళ్ళీ వద్దామా?"

"రేపూ తీసుకొస్తానండి."

పార మనిషి ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మగారూ, రొయ్యల లారీ ఫ్యాక్టరీ గేట్లోకి వచ్చేసింది. ఇవాళ్టికి బాబుగారు చూడ్డం అయిపోతే ఈ ఐసు ఎత్తించేస్తాను."

"ఇంకొక్క నిమిషం ఉండనియ్యి సత్తియ్యా," అంది వీరవేణి.

నిరుడు మనాలీలో మంచు మీద జారిపడ్డప్పుడు పెద్దిరాజు హెల్మెట్ పెట్టుకోలేదు.