బల్ల దగ్గర చోటు

పరాయి పెద్దవాళ్లను ఇంట్లో ఉంచుకుని చూసుకోవాలంటే ఇప్పుడు లైసెన్సు కావాలి. ఇంటివాళ్లతో కలిపి భోజనం పెట్టాలన్నది అందులో మొదటి షరతు. ఆ మధ్యాహ్నం తనిఖీ యంత్రం దొర్లుకుంటూ వచ్చి హైమావతి ఇంట్లో భోజనాల బల్ల పక్కన ఆగింది.

ఆమె తన దగ్గర ఉంటున్న ముసలాయన సన్యాసయ్యకు బల్ల మీదే వడ్డించింది. ఆయన అలవాటు కొద్దీ కంచం పట్టుకుని లేచి, పెరట్లో అంట్లు తోమేచోట పీట మీద కూర్చున్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"అక్కడ కూర్చున్నారేం?" అంది యంత్రం.

సన్యాసయ్య హైమావతి ముఖంలోకి చూశాడు. "ఈడ గాలి బాగుంటాది బాబూ. అమ్మ లోపల తినమనే అంటాది, నానే ఇనను."

యంత్రం లైసెన్సు ఇచ్చి వెళ్లిపోయింది. హైమావతి పెరుగుగిన్నెతో పెరటి గుమ్మంలో నిలబడింది.

"లోపలికి రా తాతా, పెరుగేస్తాను."

"పర్లేదమ్మా," అన్నాడాయన మెల్లగా. "అది ఎళిపోనాది గదా."