వియ్యమందిన రాక్షసబల్లులు

కుక్కర్లకీ తలుపులకీ మాటలు వచ్చేశాక, మ్యూజియంలోని రాక్షసబల్లులకు మాత్రం ఎందుకు రావు? వచ్చాయి. వచ్చినవాళ్లందరూ వాటిని పొడవెంత, బరువెంత అనే అడిగేవాళ్లు. మనవరాలితో వచ్చిన రాజవ్వ మాత్రం పొడుగు మెడ బల్లిని అడగాల్సిందే అడిగింది.

“మీదే ఊరు బిడ్డా?”

“ప్రాణహిత ఒడ్డున దొరికానమ్మా.”

“అవునా! మా తల్లిగారిది చెన్నూరే. నాకు తమ్మునివైతవ్.”

తర్వాత పక్కనున్న కోరల బల్లిని అడిగింది. అది తనది నర్మద ఒడ్డు అని చెప్పింది.

“మా కోడలు తల్లిగారోళ్లది ఆ దిక్కే. అయితే మీరిద్దరు వియ్యపోళ్లు!”

రోజూ నాలుగింటికి ఆ రెండు బల్లులూ కొట్టుకుంటాయి. అది చూడడానికే జనం ఎగబడతారు. ఆ రోజూ గంట మోగింది.

“ముందు మీరు కరవండి బావగారూ,” అంది పొడుగు మెడది.

“ఎంతమాట! మీ మీద పళ్లు ఆనిస్తానా?” అంది కోరలది. “ఇంట్లో అందరూ కులాసాయేనా?”

పిల్లలు గోల పెట్టారు. మేనేజర్ నరహరి పరుగెత్తుకొచ్చి రాజవ్వకు దండం పెట్టాడు.

“అవ్వా, కొట్లాట లేకుంటే నా నౌకరి పోతది. ఈ చుట్టరికం జర తెంపవా?”

“తెంపుడెందుకు కొడుకా? రేపు చాయ్ తాగుతవా అని ఒక్కదాన్నే అడుగు. రెండోది చూస్తుండంగ అడుగు. ఇగ కొట్లాట ఆపుడు నీతోని గాదు.”