మొసలికి కాపలా

"ఇంకొక్క అడుగు ముందటికేస్తే కాళ్లిరగ్గొడ్త!"

గుర్వమ్మ మేకలు తోలే కర్రను అడ్డంగా చాచింది. సెల్ఫీ కోసం చెయ్యి పైకెత్తిన విజేందర్ గబుక్కున ఆగిపోయాడు.

కృష్ణ ఒడ్డున, పుష్కర ఘాట్ ఆఖరి మెట్టు మీద పెద్ద మొసలి ఒకటి ఎండకు హాయిగా పడుకుని ఉంది. ఆదివారం సరదాగా అచ్చంపేట నుంచి వచ్చినవాళ్లంతా పై మెట్ల మీద ఎగబడుతున్నారు. ఒకాయన ఈల వేశాడు. ఇంకొకాయన, "సచ్చిందేమో, రాయేసి చూద్దామా?" అన్నాడు.

"నీ మీదేస్త రాయి! నువ్వు ఇంట్ల పండుకుంటే నేనొచ్చి ఈలలేస్తున్ననా?"

జనం గొల్లుమన్నారు.

"అవ్వా, ఒక్క ఫోటో!" విజేందర్ బతిమాలాడు.

"గాడ్నుంచే తీస్కో. జర మెల్లగ."

అంతలో మొసలి నోరు బార్లా తెరిచింది. జనం రెండు మెట్లు వెనక్కి దూకారు. అది తీరిగ్గా నోరు మూసుకుని మళ్లీ కళ్లు మూసింది. ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని కిసకిసా నవ్వారు. ఇక కొత్తగా ఎవరొచ్చినా, "ష్... పండుకున్నది" అని జనమే నోరు మూయించసాగారు. విజేందర్ అయితే తువ్వాలు నడుముకు బిగించి, గుర్వమ్మ పక్కనే కాపలాకు నిలబడ్డాడు.

జీపులో ఫారెస్టాఫీసరు ప్రేమ్‌సాగర్ తాళ్లతో దిగాడు. గుర్వమ్మ ఆయననూ అడ్డుకుంది.

"తాళ్లొద్దు సారూ. గుంజులాడితే బెదురుతది. దానంతటదే లేసి పోనియ్యి."

ఆఫీసరు మురిసిపోయాడు. "గింత ప్రేమ ఉన్నోళ్లను నేనెక్కడ చూడలే అవ్వా! నీకు ఆఫీసుల శాలువా కప్పిస్త. నీ ఫోన్ నంబరు చెప్పు."

గుర్వమ్మ తత్తరపడింది. "నా నంబరెందుకు సారూ? నాకు శాలువా గిలువా వద్దు."

"సిగ్గువడతాంది సారూ," అన్నాడు అప్పుడే మేకలను తోలుకొచ్చిన ఆమె భర్త ఐలేశం. పెళ్లాం గొప్పతనానికి పొంగిపోతూ నంబరు గడగడా అప్పజెప్పాడు.

"ఒక్క రింగిస్త, నా నంబరు పెట్టుకో." ఆఫీసరు మీట నొక్కాడు.

"వద్దు సారూ!" అని గుర్వమ్మ కేక పెట్టేలోపే, మొసలి పొట్ట కింది నుంచి ఆమె ఫోన్ బోనాల పాటను డప్పులతో సహా అందుకుంది.