జోడు కంచాలు

కోడలు మంచినీళ్లకని వెనక్కి తిరగ్గానే పెద్దాయన తన కంచం అవతలికి నెట్టి, పక్కనున్న కంచం ముందుకు లాక్కున్నాడు. ఆ వయసులో ఆ చురుకేమిటా అని తూకాలమ్మాయి బిత్తరపోయింది.

“ఇదేంటి తాతగారూ?”

“ష్. తర్వాత చెప్తా.”

తూకాలమ్మాయి అన్నది ఆయన పెట్టిన పేరే. ఏం తింటే జనం ఒంటికి మంచిదో, ఏం పండిస్తే నేల అలిసిపోదో తేల్చి, దేశానికంతటికీ ఒక భోజన పద్ధతి రాయాలని పరిశోధన సంస్థ పూనుకుంది. అందుకని ఇంటికొకరిని ఎంచుకుని, వాళ్లు తినేదంతా అచ్చం అలాగే ఇంకో కంచంలోనూ వడ్డించమంటుంది. ఒకటి మనిషికి, రెండోది డబ్బాలో ల్యాబుకి. రెండూ తూచి డబ్బా పట్టుకెళ్లడం ఈ అమ్మాయి పని. ఎంగిలి కంచాలు తూచే ఉద్యోగమని వాళ్లమ్మ చుట్టాల దగ్గర ఇప్పటికీ నోరు విప్పదు.

కోడలు నీళ్లు పెట్టి వంటింట్లోకి వెళ్లాక పెద్దాయన గొంతు తగ్గించాడు.

“అది నా కంచంలో ఏదో కలుపుతోందమ్మా. తెల్లటి పొడి. చిన్న రోట్లో నూరుతుంటే కళ్లారా చూశాను. నీ డబ్బా కంచం జోలికి మాత్రం పోదు. అందుకే నువ్వొచ్చిన దగ్గర్నుంచీ మార్చుకుంటున్నా.”

“మీ అబ్బాయికి చెప్పలేదా?”

“వాడా? పెళ్లాం గీసిన గీత దాటడు. ఇల్లింకా నా పేరునే ఉంది మరి.” ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. “డాక్టరు గంపెడు మాత్రలు రాశాడు. ఒక్కటి మింగితే ఒట్టు, అన్నీ గులాబీ కుండీలో పారేశాను. అయినా దుక్కలా ఉండేవాణ్ణి. ఇప్పుడు చూడు.”

పంచె పైకి లాగి పాదాలు చూపించాడు. వేలితో నొక్కితే గుంట పడేలా ఉబ్బి ఉన్నాయి.

“కంచం మార్చుకుంటున్నా తగ్గలేదేం?”

“ఒంటికెక్కిన విషం ఊరికే దిగుతుందా?”

అదీ నిజమేననిపించింది. అంతలో కోడలు గుమ్మంలోకి వచ్చింది. ఆమె చూపు మామగారి మీద కాదు, కంచం మీద పడింది.

“మొత్తం తిన్నారా మామయ్యగారూ? మీరు ముద్ద వదిలేస్తే నాకు నిద్ర పట్టదు.”

నవ్వుతూ గొంతు కోసే రకం, అనుకుంది తూకాలమ్మాయి.

వెళ్లేటప్పుడు పెద్దాయన చెవిలో చెప్పింది. “మీ అసలు కంచం ఇప్పుడు నా డబ్బాలోనే ఉంది. విషం కోసం పరీక్ష చేయమంటాను. ఫలితం వచ్చేదాకా ఎవరికీ చెప్పకండి. కంచాలు మార్చుకోవడం మాత్రం మానకండి.”

“నా పాలిట దేవతవమ్మా,” అన్నాడాయన.

ఇళ్లలో వేలు పెట్టకూడదని సంస్థ నియమం. ప్రాణం కన్నా నియమం ఎక్కువా అనుకుని, ఆ రోజు నుంచీ తనే త్రాసు చూపించే వంకతో కోడల్ని అటు తిప్పేది. ఆ సందులో పెద్దాయన పని కానిచ్చేవాడు. అయినా ఆయన రోజురోజుకీ దిగజారిపోయాడు. తను ఇంకాస్త ముందు వచ్చి ఉంటే బాగుండేదని ఆ పిల్ల కుమిలిపోయింది.

ఒకనాడు వెళ్లేసరికి గుమ్మం ముందు జనం. లోపల పెద్దాయనను నేల మీద పడుకోబెట్టారు. మెట్ల మీద కోడలు శూన్యంలోకి చూస్తూ గొణుక్కుంటోంది.

“ఒక్క పూట కూడా తప్పించలేదే... ఒక్క పూట కూడా...”

తన నోటితో తనే ఒప్పుకుంటోంది. తూకాలమ్మాయి విసురుగా వెళ్లి ఆమె ఎదుట నిలబడింది. అప్పుడే ఫోన్ మోగింది. ల్యాబు నుంచి.

“మీ అనుమానం నిజమే. ప్రతి డబ్బాలోనూ కలిపారు. ఒకటే మోతాదు, కొలిచినట్టు.”

“నాకు తెలుసు,” అంది ఆమె, కోడలికి వినపడేలా గట్టిగా. “ఏ విషం?”

“విషం కాదండీ, గుండె మందు.”