ఊరుకోబెట్టే కణాలు

ఎలుక మెదడులో జ్ఞాపకాలు దాచుకునే హిప్పోకాంపస్ నుంచి కోసిన పలచటి ముక్క గిన్నెలో ఉంది. దాని కణాల విద్యుత్ సంకేతాలు స్పీకర్లో చప్పుడుగా వినిపిస్తున్నాయి. చీకటి పడ్డాక ల్యాబ్‌లో ఆమె ఒక్కతే మిగిలింది.

కణాలన్నీ దేనికది వాగితే ఒట్టి గోలే. వాటిలో కొన్ని, ఊరుకోబెట్టే కణాలు, మిగతావాటి నోరు మూయిస్తాయి, వదులుతాయి, మళ్లీ మూయిస్తాయి. ఆ వరసలోంచే లయ పుడుతుంది. ఈ సంగతి ఇదే ల్యాబ్‌లో ఆమెకు నేర్పింది భర్త. నిద్రపట్టని రాత్రుళ్లు ఆమె భుజం మీద తట్టేవాడు. రెండు తట్లు, కాస్త ఆగి ఇంకొకటి.

"నిన్ను ఊరుకోబెట్టే కణాన్ని నేనేలే, పడుకో."

ఆయన పోయినప్పటినుంచి ఆమెకు సరిగా నిద్ర లేదు.

ఊరుకోబెట్టే కణాలు పనిచేయకుండా చేసే మందును గిన్నెలోకి వదిలింది. అనుకున్నట్టే లయ చెదిరిపోయి గోల మొదలైంది. కాసేపటికి ఆ గోల దానంతటదే సద్దుమణిగింది.

రెండు తట్లు, కాస్త ఆగి ఇంకొకటి.

మందు అయిపోయిందేమోనని చూసింది. చుక్కలు పడుతూనే ఉన్నాయి. స్పీకర్ కట్టేసింది. అయినా చప్పుడు ఆగలేదు. ఈసారి వెనక నుంచి వస్తోంది, కుర్చీ వీపు మీద వేళ్లతో తట్టినట్టు.

ఇప్పుడు మందు ఆపేసి, మందు కలపని ద్రావణంతో ముక్కను కడగాలి. అప్పుడు ఆ కణాలు మళ్లీ పనిలోకి వస్తాయి. వేరే ఎవరూ ఊరుకోబెట్టనక్కర్లేదు.

ఆమె మందు చుక్కల్ని ఇంకాస్త పెంచింది. వెనక్కి తిరగకుండా కళ్లు మూసుకుని, భుజాన్ని కుర్చీకి ఆనించింది.

"ఇంకా నిద్ర రాలేదండీ," అంది.